పిల్లి కసి తీర్చుకోదు... నొప్పి చెప్పుకొంటుంది!

మీ ఇంట్లో పిల్లి ఉంటే ఈ దృశ్యం మీకు కొత్త కాదు. నిన్నటిదాకా బుద్ధిగా ఇసుక టబ్బులోకి వెళ్లి పని చూసుకున్న పిల్లి, ఈ రోజు పొద్దున్నే సోఫా మీద మూత్రం పోసింది. లేదా ఉతికి మడతపెట్టిన దుప్పట్ల మీద. లేదంటే సరిగ్గా మీ ఆఫీసు బ్యాగు మీద. ఇంట్లో వెంటనే తీర్పు వచ్చేస్తుంది. ‘నిన్న కోప్పడ్డాం కదా, కసి తీర్చుకుంది’ అని ఒకరంటారు. ‘గారాబం ఎక్కువై మొండికేసింది’ అని ఇంకొకరు. ఆ తర్వాత శిక్ష. మూతి పట్టుకుని తడిసిన చోట రుద్దడం, ఒక దెబ్బ వేయడం, బాల్కనీలో పెట్టి తలుపు వేసేయడం.

ఆ తీర్పు తప్పని చెప్పడానికే ఈ నాలుగు మాటలు. నేను పశువైద్యురాలిని కాను. బెజవాడ సత్యనారాయణపురంలో ఓ అపార్టుమెంటులో పన్నెండేళ్లుగా పిల్లుల్ని పెంచుతున్న గృహిణిని. ఒకసారి నేనూ ఆ తీర్పే ఇచ్చాను. ఇంకాస్త ఆలస్యమైతే మా చిట్టిగాడి ప్రాణం పోయేది.

మూడేళ్ల కిందట మే నెల. ఈ ఊరిని ‘బ్లేజ్‌వాడ’ అని ఎందుకంటారో తెలిసే రోజులు. శనివారం సాయంత్రం నుంచి చిట్టిగాడు టబ్బులోకి వెళ్లడం, తవ్వడం, కూర్చోవడం, లేచి రావడం, మళ్లీ వెళ్లడం. కాలుగాలిన పిల్లి అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు కళ్లారా చూశాను. మధ్యమధ్యలో ఒక అరుపు. అన్నం కోసం అరిచే మ్యావ్ కాదు. లోపలి నుంచి సాగదీసినట్టు, బొంగురుగా వచ్చే కేక. మా అత్తయ్య ‘వాడికి కడుపు బిగిసిందమ్మా, కాస్త ఆముదం పట్టు’ అన్నారు. నాకూ అదే నిజమనిపించింది. గిలగిల్లాడుతున్నవాడిని ఒడిసిపట్టి అర చెంచా ఆముదం పట్టించాను. రాత్రికి మంచం కిందకి దూరాడు. ఆదివారం పొద్దున బయటికి లాగితే కక్కుకున్నాడు. క్లినిక్కులు చాలావరకు మూసి ఉన్నాయి. నాలుగు చోట్లకు ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి ఒకాయన దొరికారు. పొట్ట మీద చెయ్యి వేసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న: ‘మూత్రం పోసి ఎంతసేపైంది?’

జవాబు చెప్పలేకపోయాను. రోజూ ఆ టబ్బు శుభ్రం చేసేది నేనే. అయినా ఎప్పుడు పోశాడో, ఎంత పోశాడో నాకు తెలియదు.

వాడికి వచ్చింది మలబద్ధకం కాదు, మూత్రం బిగుసుకుపోయింది. మగ పిల్లుల్లో మూత్రనాళం చివరికి వచ్చేసరికి చాలా సన్నగా ఉంటుంది. మూత్రంలో తయారయ్యే ఇసుక రేణువుల్లాంటి స్ఫటికాలు, జిగురు కలిసి అక్కడ బిరడాలా అడ్డుపడతాయి. మూత్రాశయం నిండి, గట్టిపడి, చిన్న బత్తాయికాయలా చేతికి తగులుతుంది. (అలా తగిలితే నొక్కకండి, చిట్లే ప్రమాదం ఉంది.) బయటికి పోవాల్సిన వ్యర్థాలు రక్తంలోనే నిలిచిపోతాయి. పొటాషియం పెరుగుతుంది. అది గుండె లయను దెబ్బతీస్తుంది. పూర్తిగా బిగిసిన పిల్లికి ఒక రోజు గడిచేసరికే పరిస్థితి విషమిస్తుంది. వైద్యం అందకపోతే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. చిట్టిగాడికి మత్తిచ్చి, సన్నటి గొట్టం వేసి మూత్రం తీశారు. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. బతికాడు. ఆముదంతో పోయిన ఆ రాత్రి మాత్రం ఇప్పటికీ నా మనసులో మెదులుతూనే ఉంటుంది.

అందుకే ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. మగ పిల్లి మాటిమాటికీ టబ్బులోకి వెళ్లి ముక్కుతూ, అరుస్తూ, అక్కడే నాక్కుంటూ ఉండి, ఇసుక మాత్రం పొడిగా ఉంటే, అది తెల్లవారేదాకా ఆగే విషయం కాదు. మలం రావడం లేదో మూత్రం రావడం లేదో మీకు తేల్చుకోవడం కష్టం. మూత్రమే అనుకుని బయల్దేరండి. మలబద్ధకమని తేలితే మంచిదే, పోయేది ఆటో ఖర్చు.

ఇంట్లో ఉన్న మాత్రలు మాత్రం వేయకండి. ముఖ్యంగా పారాసిటమాల్. ఒంట్లో బాగోలేనివాళ్లకు మనం ప్రేమగా అందించే మొదటి మందు అదే. కానీ దాన్ని విరిచి హరించుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. సగం మాత్ర చాలు, రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వచ్చి పిల్లి చనిపోవచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చే యాంటీబయాటిక్ సంగతీ అంతే. పడుచు పిల్లుల్లో ఈ బాధకు సూక్ష్మక్రిములు కారణమయ్యేది తక్కువ. చాలావాటిలో మూత్రాశయం వాస్తుంది, కానీ పరీక్షిస్తే క్రిమీ ఉండదు, రాయీ ఉండదు. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ అనే పశువైద్యుడు ఈ జబ్బు మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆయన, ఆయన సహచరులు తేల్చినదేమిటంటే, ఒత్తిడి దీన్ని రెచ్చగొడుతుంది. ఇంట్లో పరిస్థితులు చక్కదిద్దితే చాలా పిల్లులు కుదుటపడతాయి.

పిల్లికి ఒత్తిడేమిటని నవ్వకండి. దాని లోకమంతా వాసన మీద నడుస్తుంది. గోడలకు రంగులు వేయించారు, సోఫా మార్చారు, సంక్రాంతికి పదిమంది చుట్టాలు దిగారు, దీపావళికి నాలుగు రోజులు టపాకాయలు పేలాయి... మనకు పండగ, దానికి ఇల్లే పరాయిదైపోవడం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు ఎన్నో కుటుంబాలు మేడ మీదికి చేరాయి. నీళ్లు తీశాక ఇళ్లంతా బురద, దాని మీద బ్లీచింగ్ పౌడర్. తన వాసన ఒక్క మూల కూడా మిగలని ఇంట్లోకి తిరిగొచ్చిన పిల్లి ఎక్కడ పడితే అక్కడ పోస్తే దాన్ని తిట్టగలమా?

ఇప్పుడు అసలు ప్రశ్న. నొప్పి వస్తే టబ్బు మానేసి సోఫా ఎందుకెక్కాలి? దీనికి జవాబు మన డెల్టాలోనే ఉంది. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ చిన్నప్పుడు వినని తెలుగువాళ్లు ఉండరు. ఎలుకల బెడద పోవాలని రాయలవారు ఇంటికో పిల్లిని, దాని పాలకోసం ఒక ఆవును ఇస్తారు. రామకృష్ణుడు మొదటి రోజే సలసల కాగే పాలు పిల్లి ముందు పెడతాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత చల్లటి పాలు పెట్టినా గిన్నె చూసి పరుగెడుతుంది. పాలన్నీ ఆయన పాలవుతాయి. మనం నవ్వుకుని వదిలేసిన ఆ కథలో పిల్లి మనస్తత్వం మొత్తం ఉంది. దానికి కాలింది పాల వల్ల, వేడి వల్ల అని విడదీసి ఆలోచించదు. గిన్నెకూ నొప్పికీ ముడిపెట్టేస్తుంది. టబ్బులో కూర్చున్నప్పుడు మంట పుట్టిన పిల్లి కూడా అంతే. తప్పు టబ్బుదే అనుకుంటుంది. మెత్తగా ఉన్న మరోచోట మంట ఉండదేమోనని వెతుక్కుంటుంది. సోఫా, పరుపు, దుప్పట్లు. అంటే మీరు కసి అనుకుంటున్నది, నొప్పి లేని చోటు కోసం అది చేస్తున్న వెతుకులాట. పైగా జబ్బు తగ్గాక కూడా ఆ భయం మిగిలిపోవచ్చు. అప్పుడు పాత టబ్బు తీసేసి, కొత్తది, ఇంకోచోట, ఇంకోరకం ఇసుకతో పెడితే మళ్లీ అలవాటు పడుతుంది.

అన్నీ నొప్పి వల్లే అనీ కాదు. తోక నిటారుగా లేపి, వణికిస్తూ, నిలబడే గోడ మీదికో తలుపు మీదికో కొద్దిగా చిమ్మితే, అది హద్దు గీసుకోవడం. మగవాటిలో ఎక్కువ. ఆపరేషన్ చేయిస్తే పదింట తొమ్మిదింటిలో తగ్గుతుంది. కూర్చుని, నేల మీదో బట్టల మీదో పోస్తే అది వేరు. ఈ తేడా డాక్టరుకు చెప్పగలిగితే సగం పని అయినట్టే. ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే ఇంకా మంచిది.

ఇక అరుపుల సంగతి. పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అనుకోవడం అరుదు. కూనలు తల్లిని పిలుస్తాయి, పెద్దయ్యాక ఆ పిలుపును మన కోసం దాచుకుంటాయి. అంటే మ్యావ్ అనేది మనుషులతో మాట్లాడటానికి పిల్లి అట్టిపెట్టుకున్న భాష. 1944లోనే మిల్డ్రెడ్ మోల్క్ అనే పరిశోధకురాలు ఇంటి పిల్లి చేసే శబ్దాలను 16 రకాలుగా విడదీసి రాశారు. నోరు మూసుకుని చేసేవి, నోరు తెరిచి మెల్లగా మూస్తూ చేసేవి, నోరు తెరిచే ఉంచి బిగబట్టి చేసేవి అని వాటిని మూడు గుంపులు చేశారు. ఈ మూడో గుంపు దగ్గరే మన చెవి నిలవాలి. కొట్లాట, భయం, నొప్పి అక్కడే వినిపిస్తాయి.

మీరు గుమ్మంలోకి రాగానే తోక లేపి ‘మ్ర్‌ర్’ అంటే పలకరింపు. కిటికీ అవతల పావురాన్ని చూసి పళ్లు టకటకలాడిస్తే వేట ఉత్సాహం. బుస్సుమంటే దూరంగా జరగమని. గుర్రుగుర్రుమంటే సుఖంగా ఉందనుకుంటాం, చాలాసార్లు నిజమే. కానీ జబ్బుపడ్డప్పుడూ, చివరి ఘడియల్లోనూ పిల్లి గుర్రుమంటుంది. కాబట్టి ‘గుర్రుమంటోంది కదా, బాగానే ఉంది’ అని ధీమా పడొద్దు. ఇంగ్లండులోని ససెక్స్ యూనివర్సిటీలో కారెన్ మెక్‌కోంబ్ బృందం 2009లో ఓ తమాషా సంగతి బయటపెట్టింది. తిండి అడిగేటప్పుడు కొన్ని పిల్లులు చేసే గుర్రులో పసిపిల్ల ఏడుపును పోలిన సన్నటి జీర కలిసి ఉంటుందట. పొద్దున ఐదింటికి మనల్ని మంచం మీంచి లేపేది అదే!

రాత్రిపూట వీధి దద్దరిల్లేలా ఆడ పిల్లి అరుస్తూ నేల మీద దొర్లుతుంటే, కొత్తగా పెంచేవాళ్లు కడుపునొప్పి అనుకుని హడలిపోతారు. అది ఎదకు వచ్చింది, అంతే. చలిదేశాల్లో ఇది పగటి పొద్దు పెరిగే కాలానికే వస్తుంది. మనకు ఎండకు కొదవేముంది, ఏడాది పొడవునా రావచ్చు. కలిస్తే తొమ్మిది వారాల్లో కూనలు. ఆ కూనల్ని తల్లి ఏడిళ్లు తిప్పుతుందో లేదో గానీ, మనం మాత్రం ఏడిళ్ల వాళ్లనీ ‘ఒక కూనను పెంచుకోండి’ అని బతిమాలాల్సి వస్తుంది. ఆపరేషన్ చేయించడం మనకూ మంచిది, దానికీ మంచిది. పదేళ్లు దాటిన పిల్లి అర్ధరాత్రి గోడ వైపు చూస్తూ ఏడుస్తుంటే దిష్టీ కాదు, దయ్యమూ కాదు. థైరాయిడ్ పెరగడం, రక్తపోటు, చెవుడు, ముసలితనపు మతిమరుపు... వీటిలో ఏదైనా కావచ్చు, పరీక్ష చేయించాలి. పిల్లి శాపాలకు ఉట్లు తెగవని సామెత చెప్పుకునే మనమే, పిల్లి ఏడ్చిందనగానే అపశకునమని గుండెలు బాదుకుంటాం. ఆ ఏడుపులో కీడు ఉంటే అది పిల్లికే.

మరి టబ్బు దగ్గర అరుపును ఎలా అర్థం చేసుకోవాలి? కొన్ని పిల్లులు వెళ్లే ముందు ఒకసారి పిలుస్తాయి, వచ్చాక ఇల్లంతా పరుగులు తీస్తాయి. అది వాటి సరదా. కొన్ని ‘శుభ్రం చేయలేదేం?’ అన్నట్టు టబ్బు పక్కన నిలబడి అడుగుతాయి. భయపడాల్సింది లోపల కూర్చుని, నడుము వంచి ముక్కుతూ అరిచినప్పుడు. ఇందుకు డాక్టరు నాకు నేర్పిన పద్ధతి చెబుతాను. పొద్దునా సాయంత్రం ఇసుక తీసేటప్పుడు తడి ఉండలు లెక్కపెట్టండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి రోజుకు రెండు నుంచి నాలుగుసార్లు మూత్రం పోస్తుంది. చిన్నచిన్న ఉండలు పదీ పన్నెండు కనిపిస్తే మూత్రాశయం వాచి ఉండొచ్చు. ఉండలు రోజురోజుకీ పెద్దవవుతూ, నీళ్ల గిన్నె తొందరగా ఖాళీ అవుతుంటే మూత్రపిండాలో మధుమేహమో చూపించుకోవాలి. ఒక్క ఉండా లేకపోతే... ఏం చేయాలో పైన చెప్పాను.

టబ్బు ఎలా ఉండాలన్నదానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. మూత లేకుంటే మేలు. రెండంగుళాల మందాన ఇసుక చాలు. పిల్లులు ఎన్ని ఉంటే దానికి ఒకటి కలిపి అన్ని టబ్బులు పెట్టమంటారు. డబుల్ బెడ్రూమ్ ఫ్లాటులో అది కుదిరే పనేనా అని నేనూ విసుక్కున్నాను. కానీ వాటిని ఒకేచోట వరసగా పెడితే పిల్లికి అది ఒక్కటే లెక్క. హాలు మూలన ఒకటి, వెనక బాల్కనీలో ఒకటి ఉంటేనే ప్రయోజనం. మన ఇళ్లలో టబ్బు పెట్టేది ఎక్కడ? వాషింగ్ మెషీన్ పక్కన. సరిగ్గా కూర్చున్న వేళకి అది గడగడమంటుంది. లేదా బాత్రూమ్‌లో. మా ఆయన పేపరు పట్టుకుని లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంటే అరగంట. ఆ అరగంటలో పిల్లి ఎక్కడికి వెళ్లాలి?

ఖరీదైన లిట్టర్ ప్యాకెట్లే కొనాలని లేదు. కృష్ణ ఇసుకను జల్లించి, రాళ్లు తీసి, ఎండబెట్టి వాడితే పిల్లికి హాయిగానే ఉంటుంది. కాకపోతే అది ఉండ కట్టదు, కాబట్టి మొత్తం ఇసుకను తరచుగా మార్చాలి. ఊరి నుంచి బస్తాడు వరి ఊక తెచ్చి పోసేవాళ్లూ ఉన్నారు. ఊక తడిని సరిగా పీల్చదు, కంపు కొడుతుంది, పాదాలకు గుచ్చుకుంటుంది. నాకైతే నచ్చలేదు. సువాసన కలిపిన లిట్టర్ మన ముక్కు కోసం చేసింది. పిల్లులు చాలావరకు దాన్ని ఇష్టపడవు.

శుభ్రత పేరుతో మనం చేసే ఒక పని మాత్రం వెంటనే మానాలి. టబ్బును ఫినాయిల్‌తో కడగడం. ఫినాయిల్ లాంటి ద్రావణాల్లో ఉండే ఫినాల్ రకం రసాయనాలు పిల్లికి విషం. పాదాలకు అంటిన దాన్ని అది నాకి శుభ్రం చేసుకుంటుంది. వేడినీళ్లు, సబ్బు చాలు. మూలల్లో పోయకుండా కలరా ఉండలు వేయడమూ అంతే ప్రమాదం. ఇంకొకటి, అమ్మోనియా ఉన్న ద్రావణంతో తడిసిన చోటు తుడిస్తే ఆ వాసన మూత్రం వాసనలాగే ఉండి, పిల్లిని మళ్లీ అక్కడికే పిలుస్తుంది.

నీళ్ల సంగతి చెప్పకుండా బెజవాడలో పిల్లి గురించి రాయకూడదు. ఇంటి పిల్లి పూర్వీకులు ఎడారి జీవులు, దాహం తక్కువ. పొడి ప్యాకెట్ తిండిలో నీరు పదో వంతే ఉంటుంది. తడి ఆహారంలో మూడొంతులకు పైగా. ఏప్రిల్, మే నెలల్లో గింజల తిండి ఒక్కటే పెట్టి, నీళ్ల గిన్నె ఒక్కటే ఉంచితే మూత్రం చిక్కబడుతుంది. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చేప, ఆ ఉడికించిన నీళ్లతో సహా ముళ్లు తీసి పెట్టండి. ఎండు చేపలు వద్దు, అందులో ఉప్పు మోతాదు మించి ఉంటుంది. మట్టి మూకుళ్లలో నీళ్లు నాలుగు చోట్ల ఉంచండి, తిండికి కాస్త దూరంగా. పాలు, పెరుగన్నంతో పెంచుతున్నామని గొప్పగా చెప్పేవాళ్లకు ఒక మాట. పిల్లి మాంసాహారి. పెరుగన్నంతో కడుపు నిండుతుంది గానీ ఒంటికి కావాల్సినవి అందవు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు కూడా.

అమ్మాయి పురిటికి పుట్టింటికి వస్తోందంటే ముందు పంపించేసేది పిల్లినే. టాక్సోప్లాస్మా భయం. భయం ఉత్తది కాదు, గర్భిణికి ఆ పరాన్నజీవి సోకితే బిడ్డకు హాని జరగొచ్చు. కానీ పిల్లి మలంలో వచ్చే ఆ గుడ్లు, ఇతరులకు అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. రోజూ టబ్బు శుభ్రం చేస్తే, ఆ పని గర్భిణి కాకుండా ఇంట్లో మరొకరు చేస్తే, చేతులు కడుక్కుంటే చాలా వరకు గట్టెక్కినట్టే. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, తోట మట్టి నుంచి కూడా అది సోకుతుందని మరవొద్దు. డాక్టరును అడగండి, పిల్లిని పంపేయక్కర్లేదు. ఆ మాటకొస్తే, కూనను ముచ్చటపడి తెచ్చేది పిల్లలు, టబ్బు ఎత్తేది అమ్మ. ఈ తొమ్మిది నెలలైనా నాన్నలు ఆ పని నేర్చుకోవచ్చు.

నొప్పితో ఉన్న పిల్లిని ఎత్తుకునేటప్పుడు తువ్వాలు చుట్టి ఎత్తండి. కరిచినా రక్కినా సబ్బు, నీళ్లధారతో పదిహేను నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లండి. మన పెంపుడు పిల్లే కదా అని వదిలేయొద్దు.

‘ఇల్లంతా కంపు చేస్తోంది’ అని గోనెసంచిలో కట్టి ప్రకాశం బ్యారేజీ దాటించి, సీతానగరం వైపు వదిలేసి వచ్చేవాళ్ల గురించి వింటూ ఉంటాను. ఏరు దాటితే తిరిగి రాదని నమ్మకం. పెంచిన జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, అలా వదిలేసిన వాటిలో ఎన్ని మూత్రాశయం వాచి, ఆ మంట చెప్పుకోలేక సోఫా ఎక్కినవో ఎవరూ చూడలేదు. ఒక్కసారి పరీక్ష చేయించి ఉంటే తేలిపోయేది.

ఆ పరీక్ష అందరికీ అందుబాటులో ఉందా అంటే, లేదు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, నగరంలో ప్రైవేటు క్లినిక్కులు పెరిగాయి. కానీ అవనిగడ్డ నుంచో, కైకలూరు నుంచో పిల్లిని బుట్టలో పెట్టుకుని బయల్దేరాలంటే గంటల ప్రయాణం. పల్లెల్లో పశువైద్యమంటే ఇప్పటికీ గేదెలు, కోళ్లే. అందుకే అవసరం రాకముందే రెండు క్లినిక్కులకు ఫోన్ చేసి అడిగి పెట్టుకోండి. పిల్లులను చూస్తారా? మగ పిల్లికి మూత్రం బిగిస్తే గొట్టం వేస్తారా? ఆదివారం, రాత్రి పూట ఎవరుంటారు? ఆ నంబర్లు మా ఫ్రిజ్ తలుపు మీద, గ్యాస్ బుకింగ్ నంబరు పక్కనే ఉన్నాయి.

ఇది రాస్తుంటే వెనక బాల్కనీలో ఇసుక తవ్వుతున్న చప్పుడు వినిపిస్తోంది. చిట్టిగాడే. అరుపు లేదు. అయినా లేచి వెళ్లి, ఇసుక తడిసిందో లేదో చూసి వస్తాను.